కొత్త కుర్రాడి ఖరీదెంత?

పారితోషికాలెంతో, పెళ్లిళ్లెప్పుడో అడిగే వుత్తరాల కట్టలో ఈ వారం ఓ వింత వుత్తరం దొరికింది. రాసింది చాంద్రాయణగుట్ట కుర్రాడు. ఇంటర్ చదువుతున్నాట్ట. మొదటినుంచి చివరిదాకా సినిమా మాట ఒక్కటి లేదు! అయినా మన శీర్షికకి ఇంతకన్నా తగిన ప్రశ్న ఈ మధ్య రాలేదనిపించి, అందులో కొంత వున్నదున్నట్టు ఇస్తున్నాను. భాష సవరించలేదు. సవరిస్తే రుచి పోతుంది.

"అన్నా, మా గల్లీ పోరగాళ్లం తొమ్మిది మందిమి ఓ ఆట ఆడుతున్నం. డాలస్‌ల ఉన్న మా పెద్దనాయన కొడుకు నేర్పిండు. ఐపీఎల్ ప్లేయర్లని ఒక్కసారే పంచుకోవాలె. పంచుకున్నంక ఆ ప్లేయర్ రిటైరయ్యేదాంక నీ టీములనే ఉంటడు. ఏడాదికోసారి కొత్తగొచ్చిన పోరగాళ్లని మాత్రం పంచుకుంటం. పైసలు లేవు, నోట్‌బుక్కే. తిలక్ వర్మ నా టీముల ఉండె. మా చాంద్రాయణగుట్ట పిల్లగాడే గదా! 2025 ఏప్రిల్‌ల లక్నో మ్యాచ్‌ల ఆయన్ని ఆట మధ్యలనే బయటికి పిలిచిన్రు. గా రాత్రి నాకు నిద్ర పట్టలే. తెల్లారి ఓ పెద్ద స్టార్‌కి బదులిచ్చేసిన. సెప్టెంబర్‌ల దుబాయ్‌ల ఏమైందో నీకెరుకే. ఇప్పటికీ నన్ను పుల్లకూర అని పిలుస్తున్రు. పొరుగింటి పుల్లకూర రుచి అని! ఇప్పుడు గా స్టార్‌నే అడుగుతున్రు, ఓ కొత్త పోరనికి బదులు. ఆ పోరడు ఆడింది నాలుగు మ్యాచ్‌లే. కొత్తోని ఖరీదు ఎట్ల కట్టాలె అన్నా? ఈసారి గూడ తప్పితే మావోళ్లు నన్ను గల్లీల తిరగనియ్యరు."

చదివి నవ్వుకుంటున్నారా? నవ్వకండి. ఈ ప్రశ్నే ఫిల్మ్‌నగర్లో కోట్లు ముందు పెట్టుకుని అడుగుతారు. ఒక్క సినిమా ఆడిన కొత్త హీరోకి మూడు సినిమాల అడ్వాన్సు ఇవ్వాలా, వొద్దా? ఇస్తే ఎంత? నిర్మాత ఇల్లు నిలబడ్డమో, తాకట్టులోకి పోవడమో ఆ జవాబు మీదే వుంటుంది. మన పుల్లకూర తమ్ముడికి పోయేది పరువొక్కటే. పదిహేడేళ్ల వయసులో గల్లీలో పరువు ఇంటి తాకట్టు కన్నా తక్కువేం కాదనుకోండి!

ఈ ఆట పుట్టుక గురించి రెండు ముక్కలు. 1962లో అమెరికాలో ఓక్లాండ్ రెయిడర్స్ అనే ఫుట్‌బాల్ జట్టులో వాటాదారు బిల్ వింకెన్‌బాక్ అనే ఆయన, జట్టుతో న్యూయార్క్ వెళ్లినప్పుడు హోటల్లో మిత్రులతో కూచుని దీనికి నియమాలు రాశాడు. మరుసటి ఏడాది మొదటి పంపకం జరిగింది. నిజం ఆటగాళ్లని కాగితం మీద పంచుకోవడం, వాళ్లు మైదానంలో ఎంత ఆడితే మీ కాగితం జట్టుకి అన్ని పాయింట్లు రావడం... ఇంతే ఆట. దీన్నే ఏడాదికేడాది చెరిపెయ్యకుండా, ఆటగాణ్ణి అతని చివరి మ్యాచ్ దాకా మీ దగ్గరే వుంచుకునే పద్ధతిని 'డైనాస్టీ' అంటారు. రాజవంశం అన్నమాట. మన చాంద్రాయణగుట్ట కుర్రాళ్లది అచ్చం ఇదే.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2017లోనే తెలంగాణ ప్రభుత్వం చట్టం సవరించి, ఆన్‌లైన్లో పందెం పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతా డబ్బు ఆటలు మూతపడ్డాయి. డ్రీమ్ ఎలెవెన్ లాంటి పెద్ద కంపెనీయే పందెం పోటీలు ఆపేసింది. కాబట్టి నోట్‌బుక్కు, పెన్సిలు, ఓడినవాడి ఖర్చు మీద ఇరానీ చాయ్... అంతవరకే మన కథ. ఆపైన అడుగేస్తే ఈ శీర్షిక మీ వెంట రాదు.

సరే, అమెరికా వాళ్ల ఆటలో అందరూ ఎగబడేది 'వైడ్ రిసీవర్' అనే ఆటగాడి కోసం. మైదానం అంచున నిలబడి, ఆట మొదలవగానే పరుగు లంకించుకుని, దూరంనుంచి విసిరిన బంతిని గాల్లో అందుకునేవాడు. చూడ్డానికి హీరో అంటే వాడే. కాలేజీ వదిలి కొత్తగా వచ్చిన రిసీవర్‌కి విలువ కట్టడమెలా అన్నదాని మీద అక్కడ ఏడాది పొడుగునా తగువులే. ఆ తగువులోంచి మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది.

2020లో కొత్త ఆటగాళ్ల పంపకంలో ఫిలడెల్ఫియా జట్టు 21వ వంతులో జేలెన్ రేగర్ అనే రిసీవర్ని తీసుకుంది. ఆ వెంటనే 22వ వంతులో మిన్నెసోటా జట్టు జస్టిన్ జెఫర్సన్ని తీసుకుంది. అతనికన్నా ముందు నలుగురు రిసీవర్లు అమ్ముడయ్యారు మరి! మొదటి ఏడాదిలోనే జెఫర్సన్ 1400 గజాలు సంపాదించాడు. రేగర్ సంపాదించింది 396. తమాషా ఏమిటంటే, రెండేళ్ల తర్వాత ఫిలడెల్ఫియా వాళ్లు రేగర్ని వదిలించుకుంటే, చివరికతను చేరింది జెఫర్సన్ జట్టులోకే! పంపకంలో ఎన్నో వంతు అన్నదాన్ని బట్టి ఖరీదు కట్టినవాళ్ల నోట్లో మట్టి పడింది.

అయితే వంతుకు అర్థమే లేదా? వుంది. అది ఆటగాడి తాహతు చెప్పదు. జట్టు అతనికెంత ఓపిక పడుతుందో చెబుతుంది. ఎక్కువ డబ్బు పోసి కొన్నవాణ్ణి నాలుగు మ్యాచ్‌లు విఫలమైనా ఆడిస్తారు. చవగ్గా వచ్చినవాడికి ఒకటో రెండో అవకాశాలు. అగ్రనిర్మాత కొడుకు మూడు ఫ్లాపుల తర్వాత కూడా నాలుగో సినిమాకి కొబ్బరికాయ కొట్టడం మీరు చూడలేదూ?

2023లో పూకా నాకువా అనే కుర్రాడు ఐదో రౌండులో 177వ వాడుగా లాస్ ఏంజిలెస్ రామ్స్ జట్టులోకి వచ్చాడు. సినిమా భాషలో చెప్పాలంటే జూనియర్ ఆర్టిస్టు. సీజన్ మొదట్లో జట్టులోని పెద్ద రిసీవర్ కూపర్ కప్ గాయపడి నాలుగు మ్యాచ్‌లకి దూరమయ్యాడు. మొదటి మ్యాచ్‌లోనే పూకా వైపు బంతి 15 సార్లు విసిరారు. పది అందుకున్నాడు. ఆ ఏడాది మొత్తానికి 105 క్యాచ్‌లు, 1486 గజాలు. కొత్తవాళ్లలో ఇది రికార్డు. కానీ తెలివైనవాళ్లు చూసింది ఆ పదినీ కాదు, ఆ గజాలనీ కాదు. 'పదిహేను సార్లు విసిరారు' అన్నదాన్ని చూశారు. బంతి అందుకోవడం కొత్తవాడి పని. విసరాలా వద్దా అనేది జట్టు నమ్మకం. ఆ నమ్మకానికే ఖరీదు కట్టాలి.

ఇంకో మెలిక. పెద్దాయన గాయం మానిపోయి తిరిగి వచ్చాక కుర్రాడి చోటు వుంటుందా, వూడుతుందా? పూకా చోటు వుంది. ఖరీదు అక్కడే ఖాయమైంది.

ఇప్పుడు మన బస్తీకి రండి. చాంద్రాయణగుట్ట పక్కనే బార్కస్ మైదానం. అక్కడ టెన్నిస్ బంతితో ఆడుతున్న పదకొండేళ్ల కుర్రాణ్ణి కోచ్ సలాం బయాష్ చూశారు. తండ్రి ఎలక్ట్రీషియన్. అకాడమీయేమో నగరానికి ఆ చివర, లింగంపల్లిలో. కోచే స్కూటర్ మీద ఎక్కించుకుని ఈ చివరనుంచి ఆ చివరకి తీసుకెళ్లేవారు. ఆ కుర్రాడే నంబూరి తిలక్ వర్మ. 2020 అండర్-19 ప్రపంచ కప్ ఫైనల్లో బంగ్లాదేశ్ మీద 38 చేశాడు. ఆ ఫైనల్ మనవాళ్లు ఓడారు కాబట్టి 38ని ఎవరూ గుర్తుంచుకోలేదు. 2021-22 ముస్తాక్ అలీ ట్రోఫీలో హైదరాబాద్ తరఫున ఏడు మ్యాచ్‌ల్లో 215 పరుగులు చేశాడు.

2022 ఫిబ్రవరి వేలంలో అతని కనీస ధర 20 లక్షలు. ముంబయి ఇండియన్స్ 1 కోటి 70 లక్షలకి పాడుకుంది. అంటే కనీస ధరకి ఎనిమిదిన్నర రెట్లు. ఎందుకిచ్చారు? వాళ్ల జట్టులోంచి పాండ్యా అన్నదమ్ములు, డి కాక్ వెళ్లిపోయి మధ్యలో ఖాళీ వుంది. అందుకని. ఖాళీ వున్న ఇంట్లోకే కొత్త కోడలు వస్తుంది. ఇది పూకా కథకి అన్నదమ్ముల కథ. చూడండి: ఆ సీజన్ మొదటి రెండు మ్యాచ్‌లకి సూర్యకుమార్ యాదవ్ వేలి గాయంతో లేడు. తిలక్ మొదటి మ్యాచ్‌లో 15 బంతుల్లో 22, రెండో మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 33 బంతుల్లో 61 కొట్టాడు. వయసు పందొమ్మిది! ఎవరైనా ముందు చూసేది ఆ 61నే.

నన్నడిగితే 61 కాదు. మూడో మ్యాచ్, ఏప్రిల్ 6, కోల్‌కతా మీద. సూర్యకుమార్ తిరిగొచ్చాడు. తిలక్‌ని పక్కన పెట్టలేదు. ఇద్దరూ కలిసి ఆడారు. సూర్య 52, తిలక్ 38 నాటౌట్. పెద్దాయన ఇంటికొచ్చినా కుర్రాడి మంచం తీసెయ్యలేదన్నమాట. ఖరీదు పెరిగిన రాత్రి అది. కానీ ఆ మ్యాచ్ ఓడిపోయారు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆ ఏడాది ముంబయి వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడి ఆఖరి స్థానంలో నిలిచింది. అయినా తిలక్ పద్నాలుగుకి పద్నాలుగు ఆడాడు. 397 పరుగులు. జట్టులో ఇషాన్ కిషన్ 418 తర్వాత అతనివే ఎక్కువ. మునిగే పడవలో తెడ్డు ఎవరి చేతికిచ్చారో చూస్తే చాలు, యజమాని ఎవర్ని నమ్ముతున్నాడో తెలిసిపోతుంది.

పరుగుల అంకె ఒక్కటే చూస్తే ఎలా మోసపోతామో చెప్పే తమాషా కూడా తిలక్ లెక్కల్లోనే వుంది. 2023లో అతని పరుగులు 343. 2025లో కూడా 343! మన తమ్ముడి నోట్‌బుక్‌లో రెండు సంవత్సరాల కింద ఒకే అంకె పడి వుంటుంది. కానీ 2023 అంకె 11 మ్యాచ్‌లది, దానికి ఆడిన బంతులు 209. 2025 అంకె 16 మ్యాచ్‌లది, బంతులు 248. మొదటి 343 దూసుకెళ్లేవాడిది. రెండోది ఎక్కడో చెయ్యి అడ్డం పడుతున్నవాడిది. ఒకే కలెక్షన్ ఆరు వారాల్లో వస్తే ఒక పేరు, పన్నెండు వారాల్లో వస్తే ఇంకో పేరు. డిస్ట్రిబ్యూటర్ని అడగండి, చెబుతాడు.

లక్నో రాత్రి సంగతికి వస్తాను. 2025 ఏప్రిల్ 4. గెలవడానికి 204 కావాలి. తిలక్ 23 బంతుల్లో 25 దగ్గర వుండగా, పందొమ్మిదో ఓవర్లో 'నువ్వొచ్చెయ్' అని పిలిచేశారు. ఔటవకుండా ఔట్! సినిమాలో క్లైమాక్స్ ఫైటుకి ముందు హీరోని మార్చినట్టు. పరువు తక్కువే, కాదనను. మన తమ్ముడు భయపడ్డాడు. తెల్లారి అమ్మేశాడు. మూడు రోజుల తర్వాత బెంగుళూరు మీద తిలక్ 29 బంతుల్లో 56 కొట్టాడు. ఆ తర్వాతి మ్యాచ్‌లో ఢిల్లీ మీద 33 బంతుల్లో 59.

ఇక్కడ తమ్ముడు చూడాల్సింది ఏమిటి? పిలిచేసిన రాత్రి కాదు. మూడు రోజుల తర్వాత జట్టు పట్టికలో పేరుందా, లేదా? వుంది. ఓ రాత్రి కోపం వేరు, నమ్మకం పోవడం వేరు. దానికి అయిదు నెలల ముందే జట్టు యజమాని 8 కోట్లిచ్చి అతన్ని అట్టే పెట్టుకున్నాడు. ఎనిమిది కోట్లు ఇచ్చినవాడు ఒక్క ఓవర్ బాగులేదని వదులుకోడు. అంతేనా? 2024 నవంబర్లో దక్షిణాఫ్రికాలో వరసగా రెండు సెంచరీలు, సెంచూరియన్లో 107, జొహన్నెస్‌బర్గ్‌లో 120, రెండూ నాటౌట్. తిరిగొచ్చి ముస్తాక్ అలీలో మేఘాలయ మీద 67 బంతుల్లో 151. వరసగా మూడు టీ-20 సెంచరీలు ప్రపంచంలో అంతకుముందెవరూ కొట్టలేదు. ఇంత సరుకు గోదాములో పెట్టుకుని, ఒక్క రాత్రి వానకి భయపడి చవగ్గా అమ్ముకోవడమా తమ్ముడూ!

2025 సెప్టెంబర్ 28, దుబాయ్. ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ 146. మనవాళ్లు 20 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకున్నారు. తిలక్ 53 బంతుల్లో 69 నాటౌట్. ఆ తర్వాత చాంద్రాయణగుట్ట గల్లీలో మన తమ్ముడి పరిస్థితి నేను వూహించగలను. వూరంతా తమవాడని ఎగురుతుంటే, కాగితం మీద అమ్ముకున్నవాడు ఒక్కడే తలుపేసుకుని!

ఇంతకీ మన సినిమాల్లో ఈ పంపకం ఎప్పుడైనా జరిగిందా? ఎందుకు జరగలేదు! 1965లో ఆదుర్తి సుబ్బారావు గారు అందరూ కొత్తవాళ్లతో 'తేనె మనసులు' తీశారు. ఇద్దరు కొత్త హీరోలు, కృష్ణ, రామ్మోహన్. ఒకే సినిమా, ఒకే దర్శకుడు, ఒకే పోస్టరు. షూటింగు నడుస్తుండగానే కృష్ణని తీసెయ్యమని ఆదుర్తి గారి మీద వొత్తిడి వచ్చింది. ఆయన వినలేదు. ఆ రోజుల్లో మన చాంద్రాయణగుట్ట తరహా ఆట వుండి వుంటే, తొమ్మిది మందిలో కృష్ణని ఎంతమంది ముందు తీసుకునేవారు? కానీ ఆ సినిమాలో కృష్ణ స్కూటర్ వదిలేసి కదిలే కారు మీదికి దూకే దృశ్యం ఒకటుంది. దాన్ని నిర్మాత డూండీ చూశారు. 1966లో 'గూఢచారి 116' వచ్చింది. తర్వాతి కథ మీ అందరికీ తెలుసు. రామ్మోహన్ కొన్ని సినిమాలు చేసి వెనకబడ్డారు. డూండీ గారు చూసింది కృష్ణ నటన మొత్తాన్ని కాదు, తన దగ్గర వున్న ఖాళీకి ఈ కుర్రాడు సరిపోతాడా అన్నది. గూఢచారి కావాలి, దూకేవాడు కావాలి. దొరికాడు.

చిరంజీవి సంగతి ఇంకా విచిత్రం. 1978లో తెరమీదికొచ్చారు, 'ప్రాణం ఖరీదు'తో. 'ఖైదీ' వచ్చింది 1983 అక్టోబర్లో. నడుమ అయిదేళ్లు! విలన్ వేషాలు, రెండో హీరో వేషాలు, అన్నీ వేశారు. ఒక్క 1980లోనే డజనుకు పైగా సినిమాలు. అప్పుడు 'ఈయన విలనా, హీరోనా తేలడం లేదు' అని పెదవి విరిచినవాళ్లు ఎందరో. లెక్క తెలిసినవాడు ఇంకోటి చూసేవాడు. హిట్టయినా, కాకపోయినా మళ్లీ మళ్లీ పిలుస్తున్నారు. ఏడాదికి డజను మంది నిర్మాతలు పిలిచే కుర్రాణ్ణి అమ్ముకుంటారా? బంతి అతని వైపే విసురుతున్నారు మరి.

అయితే పిలుపులొక్కటే చాలవు. వయసు చూడాలి. 2011లో పంజాబ్ జట్టుకి పాల్ వల్తాటి అనే ఓపెనర్, చెన్నై మీద 120 నాటౌట్ కొట్టి దేశాన్ని వూపేశాడు. ఆ సీజన్లో 463 పరుగులు. అంకె తిలక్ మొదటి ఏడాది కన్నా పెద్దది! కానీ అప్పటికి వల్తాటికి ఇరవయ్యేడేళ్లు. తర్వాత మణికట్టు గాయం. మళ్లీ ఆ ఆట కనబడలేదు. ఇరవయ్యేడేళ్ల కొత్తవాడూ, పందొమ్మిదేళ్ల కొత్తవాడూ ఒకే పరుగులు చేస్తే ఆ రెండు పరుగులూ ఒక ధర కాదు. చిన్నవాడికి గాయమైతే మానడానికి కాలముంది, తప్పు చేస్తే నేర్చుకోడానికి కాలముంది. అమెరికా వాళ్లు రిసీవర్ విషయంలో ఇరవయ్యొకటా, ఇరవై మూడా అని కూడా కొట్టుకుంటారు. క్రికెట్లో బ్యాట్స్‌మన్ ఆయుష్షు కొంచెం ఎక్కువ కాబట్టి మనకంత పీనాసితనం అక్కర్లేదు.

రెండో ఏడాది గండం కూడా తెలుసుకోవాలి. విశాఖపట్నం కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకి తీసుకుంది. 2024లో 303 పరుగులు చేసి, వికెట్లు కూడా తీసి, ఆ ఏటి మేటి కొత్త ఆటగాడి బహుమతి కొట్టేశాడు. జట్టు 6 కోట్లకి అట్టే పెట్టుకుంది. ఆ డిసెంబర్లో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ! ఖరీదు ఆకాశంలో. 2025 ఐపీఎల్లో 13 మ్యాచ్‌లకి 182 పరుగులు. ఏమైంది? పక్కటెముకల గాయంనుంచి లేచి వచ్చాడు, బౌలింగ్ బాగా తగ్గింది. నోట్‌బుక్ ఆటలో అతని విలువ రెండు చేతులా సంపాదిస్తాడనే. ఒక చెయ్యి కట్టేస్తే సగం ధర పోయింది. ఇలాంటప్పుడు అమ్మాలా? నేనైతే కొంటాను. కుర్రాడు అదే, చోటు అదే, చెయ్యి మాత్రం కట్టేసి వుంది. మంది భయపడి అమ్మే రోజే తెలిసినవాడు కొనే రోజు.

ఇక ఒక మాట, మా బోటి పత్రికలవాళ్ల పొట్ట మీదే కొట్టేది. కథ చూసి కొనకండి. తిలక్ తండ్రి ఎలక్ట్రీషియన్, సిరాజ్ తండ్రి ఆటో నడిపారు... ఇవి మేం రాస్తాం, మీరు చదివి కళ్లు తుడుచుకుంటారు. బాగానే వుంది. కానీ 2017 వేలంలో సిరాజ్‌కి 20 లక్షలనుంచి 2 కోట్ల 60 లక్షలు పలికింది ఆటో వల్ల కాదు. ఆ రంజీ సీజన్లో తీసిన 41 వికెట్ల వల్ల. అతనిక్కూడా 2019 లాంటి చెడ్డ ఏడాది వచ్చింది. 2020లో కోల్‌కతా మీద ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడిన్ ఓవర్లు వేసి, 8 పరుగులకి 3 వికెట్లు తీసినప్పుడు, చెడ్డ ఏడాదిలో అతన్ని అమ్మినవాళ్లు కూడా మన పుల్లకూర లాగే తలుపేసుకుని వుంటారు. కష్టాల కథ ప్రతి కొత్త కుర్రాడికీ వుంటుంది. పాతబస్తీలో టెన్నిస్ బంతితో ఆడే ప్రతి కుర్రాడి ఇంట్లోనూ వుంది. కథ ధర పెంచుతుంది, ఆట పెంచదు. మీ బస్తీవాడని ఎక్కువిచ్చి కొన్నా అదే చిక్కు. అభిమానం గోడమీద పోస్టరుకి, నోట్‌బుక్కుకి కాదు.

తమ్ముడూ, ఇప్పుడు నీ బేరం. కొత్త కుర్రాడి పేరు రాయలేదు, మంచిదే. నాలుగు మ్యాచ్‌ల్లో ఎన్ని పరుగులు చేశాడో నాకు చెప్పకు. నాలుగు మ్యాచ్‌ల పరుగులు మొదటి రోజు మార్నింగ్ షో లాంటివి, అభిమానుల ఈలలే వినిపిస్తాయి. ఎన్నో నంబర్లో దింపారు? ఒకే చోట దింపారా, రోజుకో చోటా? మొత్తం ఎన్ని బంతులు ఆడనిచ్చారు? ఎవరి ఖాళీలో వచ్చాడు, ఆ పెద్దాయన ఎప్పుడు తిరిగొస్తాడు? వేలంలో ఎంత పెట్టారు? వయసెంత? ఇవి తెచ్చుకో. నోట్‌బుక్‌లో పరుగుల పక్కన 'బంతులు' అని ఇంకో గడి గియ్యి. ఈ జవాబుల్లో సగానికి పైగా బాగుంటే కుర్రాడు నిజం సరుకు.

అయినా సరే, ఇవ్వాలా వొద్దా అన్నది కుర్రాణ్ణి బట్టి మాత్రమే తేలదు. నీ జట్టు తొమ్మిదింట్లో ఎక్కడుంది? మొదటి మూడింట్లో వుంటే ఈ ఏడే గెలిచే అవకాశముంది. ఆ స్టార్‌ని వొదలకు. ముసలివాడైనా ఈ సీజన్ పరుగులు ఈ సీజన్లోనే కావాలి. అయిదో స్థానం కిందుంటే, ఆ స్టార్ వయసు ముప్పై రెండో, మూడో దాటి వుంటే, నువ్వు గెలిచే నాటికి అతను కామెంటరీ బాక్సులో వుంటాడు. ఇచ్చెయ్. ఇచ్చేముందు ఓ మాట అడుగు. ఈ కొత్తవాడితో పాటు వచ్చే ఏడాది పంపకంలో వాళ్ల మొదటి వంతు కూడా కావాలను. స్టార్ మీద మోజు పడినవాడు వచ్చే ఏడాది సంగతి పట్టించుకోడు, ఇచ్చేస్తాడు. ఇవ్వనంటే చాయ్ తాగేసి లేచి వచ్చెయ్, తొందరేం లేదు. రెండు మ్యాచ్‌ల్లో వాళ్ల ప్లేయర్‌కి గాయమైతే వాళ్లే నీ ఇంటికొచ్చి తలుపు తడతారు. ఆ చాయ్ డబ్బులు మాత్రం వాళ్లచేతే ఇప్పించు.